సొట్ట తియ్యాలా, ఉంచాలా?

డెంటింగ్ పనిచేసే పెద్దాయన స్కూటర్ ఎడమపక్క డొప్ప ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళతో ఆ సొట్టని బయటినుంచి ఒకసారి, లోపలినుంచి ఒకసారి తడిమి చూశాడు. “దీన్నేం చెయ్యమంటవ్ బేటా? తియ్యాల్నా, ఉంచాల్నా?” అన్నాడు.

అలాంటి ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. సొట్ట అంటే తీసేదే కదా. ఆయన మాత్రం పెట్రోలు ఎంత కొట్టమంటారని అడిగినంత మామూలుగా అడిగాడు. ఈమధ్య పాత బళ్ళు తెచ్చే కుర్రాళ్ళలో కొందరు రంగు కొత్తది వెయ్యమంటారట, సొట్టలు మాత్రం ముట్టుకోనివ్వరట. “పాతదని తెల్వాలె గదా అంటరు” అని నవ్వాడు. నలభై ఏళ్ళపాటు సొట్టలు తియ్యడం నేర్చుకున్న మనిషిని సొట్టకి తగలకుండా రంగు వెయ్యమంటే నవ్వు రాక ఏమొస్తుంది.

“రేపు చెప్తా” అన్నాను. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది.

స్కూటర్ మా నాన్నది. బజాజ్ చేతక్, లేత నీలం. 1977లో విజయవాడలో బుక్ చేస్తే 1984లో చేతికొచ్చింది. ఇప్పుడు చెప్తే జోకులా ఉంటుంది గానీ, ఆ లైసెన్సుల కాలంలో ఈ స్కూటర్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం మామూలు విషయమే. కట్నాల బేరాల్లో దాని పేరు ప్రత్యేకంగా వినబడేది. నాన్న కట్నంలో అడగలేదని, తన జీతంలోంచి కొనుక్కున్నాడని అమ్మమ్మ చివరిదాకా గొప్పగా చెప్పేది.

వంశవృక్షం చూస్తే చేతక్ ఇటలీ వెస్పాకి మనవడి వరస. 1946లో పియాజియో కంపెనీ కోసం వెస్పాని గీసిన కొర్రదీనో దస్కానియో అసలు విమానాల ఇంజనీరు. మోటర్‌సైకిళ్ళంటే ఆయనకి పడేది కాదు. గ్రీజు బట్టలకంటుతుంది, టైరు మార్చడం నరకం. అందుకని ఇంజన్‌ని డొప్పల వెనక దాచేశాడు, ముందుచక్రాన్ని విమానం చక్రంలాగా ఒక పక్కనుంచే పట్టి ఉంచాడు. అందువల్లే రోడ్డు పక్కన స్కూటర్‌ని ఒరగేసి, నాలుగైదు నట్లు విప్పి, స్టెప్నీ బిగించుకుని ఆఫీసు టైముకి చేరిన తండ్రులు మన ఊళ్ళనిండా ఉండేవాళ్ళు. బజాజ్ వాళ్ళు మొదట పియాజియో లైసెన్సుతో వెస్పాలు చేసి, ఆ ఒప్పందం అయిపోయాక 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి చేతక్‌ని బయటికి తెచ్చారు. మా ఇంట్లో అమ్మతో సహా ఎవరూ దాన్ని చేతక్ అనేవాళ్ళు కాదు. “బండి.” అంతే.

నాన్నకి ఇప్పుడు డెబ్బైమూడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కిక్ కొట్టొద్దన్నారు. పాతసామాన్ల అతను వచ్చి కిలోల లెక్కన బేరం పెట్టాడు. ఆ మాట ఫోన్లో వినగానే “నాకివ్వు నాన్నా” అన్నాను, ఏం చేస్తానో తెలియకుండానే. అది పార్సిల్ లారీలో హైదరాబాద్ వచ్చి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఒక స్తంభానికీ ఇంకొకరి కారుకీ మధ్య దిగింది. ఆదివారాలు నావి, పానాల పెట్టె నాది. కాసేపు చూసి వెళ్ళిపోదామని వచ్చి గంటలకొద్దీ టార్చి పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ సాయం కూడా ఉంది.

మొదట మార్చింది కరెంటు వ్యవస్థ. పాత చేతక్‌ది ఆరు వోల్టుల సరంజామా. హెడ్‌లైట్ ఇంజన్ జోరుని బట్టి వెలుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే దీపం కూడా ఆగినట్టే, అందుకే అప్పట్లో రాత్రిళ్ళు అందరూ ఊరికే యాక్సిలరేటర్ తిప్పుతూ నిలబడేవాళ్ళు. స్పార్క్ పుట్టించేవి పాయింట్లు. అవి అరుగుతాయి, మసిబారతాయి, వాటి మధ్య సందు తప్పుతుంది. దాన్నంతా పీకి పన్నెండు వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం ఇంట్లో కూర్చుని చెయ్యదగ్గ పనే. ఫ్లైవీల్ లాగే పుల్లర్ కావాలి, పుత్లీబౌలిలో సగం రోజు తిరిగే ఓపిక కావాలి, స్టేటర్ ప్లేటు ఏ కోణంలో కూర్చోవాలో గుర్తుపెట్టుకునే బుర్ర కావాలి. నాకు మూడోది తక్కువైంది. రెండు ఆదివారాలు అది స్టార్ట్ కాకుండా సైలెన్సర్లోంచి టపాకాయ పేల్చి సెల్లార్లో కుక్కల్ని బెదరగొట్టింది. మూడో ఆదివారం ఒక్క కిక్‌కి అందుకుంది.

ఒక్క కిక్. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. వీడియో తీసి నాన్నకి పంపాను. చాలాసేపటికి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. కాసేపాగి ఒక మెసేజ్. “పక్కకి వంచక్కర్లేదా?”

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నే నాన్న బండిని స్టాండ్ దింపి, హ్యాండిల్ పట్టుకుని, తన వైపు ఏటవాలుగా వంచి, ఒకటి రెండు మూడు అని మనసులో లెక్కపెట్టుకుని, మళ్ళీ నిలబెట్టి కిక్ కొట్టేవాడు. వేరేవాళ్ళు కొడితే పది కిక్‌లు, ఆయన కొడితే రెండు. చలికాలం చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో ఆయన చెవికి తెలుసు. డిక్కీలో పాత ప్లగ్ ఒకటి, గరుకు కాగితం, పాత బనీను ముక్క, ఒక పెళ్ళి శుభలేఖలోంచి కత్తిరించిన చిన్న అట్టముక్క ఉండేవి. ఆ అట్ట దళసరి పాయింట్ల మధ్య ఉండాల్సిన సందుకి సరిగ్గా సరిపోయేదట. ఎవరి పెళ్ళో తెలియదు. “...చి.ల.సౌ.” వరకే ఉంది. నేను డిక్కీ శుభ్రం చేస్తుంటే దొరికింది. దాంతో ఇక పని లేదు, కొత్త ఇగ్నిషన్‌కి పాయింట్లే లేవు కదా.

నన్ను మొదట ఆపింది ఇదే. బండిలో నేను లోపం అనుకుని సరిచేసిన ప్రతిదీ నాన్నకి ఒక విద్య. ఆయన పట్టు, ఆయన చెవి, ఆయన లెక్క ఆ లోపాల చుట్టూ పెరిగాయి. మా కాలనీలో ఆయనకున్న కాస్తంత పేరూ దానివల్లనే వచ్చింది, ఎవరి స్కూటర్ మొరాయించినా “ఆయన్ని పిలవండి” అనేవాళ్ళు. నేనొక కిట్ కొని, మూడు ఆదివారాలు వాడి, ఆ విద్యకి రిటైర్మెంట్ ఇచ్చేశాను. బండి మెరుగైంది, అందులో అనుమానం లేదు. ఎవరికి మెరుగైందన్నదే తేలలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ బాధ బ్రేకుల దగ్గర నాకు కలగలేదు. పాత చేతక్ బ్రేకులంటే బ్రేకు వేసి, దేవుణ్ణి తలుచుకుని, కాళ్ళు కూడా కింద పెట్టడం. లైనర్లు, కేబుళ్ళు, డ్రమ్ములు అన్నీ మార్చాను. టైర్లు కొత్తవి. ఇండికేటర్లు పెట్టాను, అద్దాలు రెండూ పెట్టాను. వాటి విషయంలో నాన్న జ్ఞాపకాలకి ఓటుహక్కు ఇవ్వలేదు. వెనక కూర్చునే మనిషి ఎముకలకంటే గొప్ప జ్ఞాపకం ఏదీ నాకు కనబడలేదు.

ఇంజన్ దగ్గర మాత్రం అంత నిక్కచ్చిగా ఉండలేకపోయాను. ఇది టూ స్ట్రోక్. నూనె పెట్రోల్‌తో కలిసి మండుతుంది, మండని మిశ్రమం కొంత అలాగే పొగగొట్టంలోంచి పోతుంది. ఒక స్నేహితురాలు “అంత ప్రేమ ఉంటే ఎలక్ట్రిక్ మోటర్ పెట్టు, పైన నీలం డొప్ప అలాగే ఉంటుంది” అంది. వాదన సరైనదే. నేను ఆదివారాలు నాలుగైదు కిలోమీటర్లే తిప్పుతానని, ఆ చప్పుడు లేకపోతే అది బండే కాదని ఏదో చెప్పాను. అది వాదన కాదు, వేడుకోలు. ఊరి గాలి అందరిదీ, చప్పుడు నా ఒక్కదానిది. ఆ లెక్క నా దగ్గర ఇంకా తేలలేదు. తేలేదాకా ఆదివారానికి ఒక్కసారే తీస్తున్నాను.

సరే, అసలు ప్రశ్న. ఇన్ని మార్చాక ఇది నాన్న బండేనా?

ఈ ప్రశ్న పాతదని తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళకి తెలుసు. థీసియస్ ఓడ పలకలు ఒక్కొక్కటీ పుచ్చిపోతుంటే కొత్తవి వేసుకుంటూ పోయారని, చివరికి అది అదే ఓడా కాదా అని ఏథెన్స్ పండితులు తగవులాడుకున్నారని ప్లూటార్క్ రాశాడు. మనవైపు మిలింద పన్హలో నాగసేనుడు గ్రీకు రాజు మిలిందుణ్ణి ఇంకా గడుసుగా పట్టుకుంటాడు. ఎలా వచ్చావు రాజా, అంటే రథంలో వచ్చానంటాడు. రథమంటే ఇరుసా? కాదు. చక్రాలా? కాదు. కాడీ? కాదు. ఇవన్నీ కలిపి కుప్ప పోస్తే రథమా? కాదు. ఇవన్నీ కాకుండా వేరే ఏదైనా ఉందా? లేదు. మరి రథం ఏది? అన్నీ ఒక తీరులో కూడినప్పుడు వాడుకలో పిలుచుకునే పేరే రథం, మనిషి సంగతీ అంతే అని నాగసేనుడు తేలుస్తాడు. సెల్లార్లో పాత దుప్పటి మీద నట్లు, స్ప్రింగులు, కేబుళ్ళు వరసగా పేర్చుకుని కూర్చున్నప్పుడు ఈ మాట పుస్తకంలోకంటే బాగా అర్థమవుతుంది. అన్నీ ఉన్నాయి, బండి లేదు.

అయితే రాజుగారి రథానికి లేని చిక్కు ఒకటి నా బండికి వచ్చింది. పాత ఫ్లైవీల్, స్టేటర్, పాయింట్లు, హెడ్‌లైట్ అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి మెకానిక్ దగ్గర పెట్టాను. ఒకరోజు “గీ పాతయి నాకిస్తవా? నా దగ్గర ఇంకో బండుంది, దానికి పనికొస్తయ్” అన్నాడు. అదీ చేతకే, ఎవరో వదిలేసి పోయింది. ఒరిజినల్ పార్ట్స్‌తో నిలబెడితే ఇప్పుడు మంచి రేటు పలుకుతుందట. ఇచ్చేశాను. నెల తిరక్కుండా మా నాన్న దీపం, మా నాన్న స్పార్కు ఇంకొక బండిలో వెలగడం మొదలుపెట్టాయి. పదిహేడో శతాబ్దంలో థామస్ హాబ్స్ ఇదే అడిగాడు. తీసిపారేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, వాటితో రెండో ఓడ కడితే అసలు ఓడ ఏది? నేను అది తత్వవేత్తలు తీరిక వేళల్లో కల్పించుకున్న చిక్కు అనుకునేదాన్ని. మెకానిక్ షెడ్డుల్లో అది రోజువారీ వ్యాపారం.

చట్టానికి ఈ బాధ లేదు. చట్టం దృష్టిలో బండి అంటే ఛాసిస్ నంబర్. ఆర్టీఏ వాళ్ళు దాని మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకుంటారు, చిన్నప్పుడు మనం రూపాయి బిళ్ళకి చేసినట్టు. ఆత్మ ఎక్కడుందని అడిగితే రేకుమీద గుద్ది ఉందని చూపించగలిగే తత్వశాస్త్రం అదొక్కటే. ఎంత మార్చొచ్చు అన్నదానిమీద కూడా దానికి స్పష్టమైన అభిప్రాయముంది. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం అనుమతిలేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాల్సిందే. సైలెన్సర్లు కోసి వీధి వీధంతా నిద్రలేపే కుర్రాళ్ళని తలుచుకుంటే చట్టం మీద కోపం రాదు. కానీ కంపెనీ తయారుచేసిన రోజే వస్తువు పూర్తయిపోయిందని, ఆ తర్వాత వాడుకునేవాళ్ళు చేసేదంతా ఉల్లంఘనేనని అనుకోవడంలో ఏదో తేడా ఉంది. ఆ కంపెనీయే 2009 చివర్లో ఇక స్కూటర్లు చెయ్యమని ప్రకటించి, పదేళ్ళ తర్వాత చేతక్ పేరుతోనే ఎలక్ట్రిక్ బండి తెచ్చింది. పాతదానిలోని ఒక్క నట్టు కూడా అందులో లేదు, పేరు మాత్రం అదే. నాగసేనుడు చూసి ఉంటే తల ఊపేవాడు.

ఇంత చదివి, ఇంత ఆలోచించి నేను చేరుకున్న చోటు ఇది. బండి ఎక్కడుందీ అంటే పార్టుల్లోనూ లేదు, నంబర్లోనూ లేదు, దానికి జరిగినవాటిలో ఉంది. అందుకని సొట్ట ఉంచాలి. మిగతా అన్నీ కొత్తవైపోయాయి కాబట్టి అదొక్కటైనా ఉండాలి. అరిగిపోయే పార్ట్ మార్చడం వేరు, జరిగిన సంగతిని చెరపడం వేరు. మొదటిది సంరక్షణ, రెండోది అబద్ధం. ఈ విభజన నాకు చాలా నచ్చింది. డైరీలో రాసుకున్నాను కూడా.

సొట్ట కథ మా బంధువులందరికీ తెలుసు. 1990లో, నేను పుట్టకముందు, అమ్మ బండి నేర్చుకుంటానంది. నాన్న తెల్లారుజామున కాలేజీ గ్రౌండ్‌కి తీసుకెళ్ళాడు. మూడో రోజో నాలుగో రోజో అమ్మ క్లచ్ వదిలి, గేరు పడి, బండి తిన్నగా వెళ్ళి చేతిపంపుని గుద్దుకుంది. నీళ్ళకోసం నిలబడ్డ ఆడవాళ్ళు బిందెలు వదిలేసి పరిగెత్తారు. నాన్న ఈ కథ అద్భుతంగా చెప్తాడు. అమ్మ “బ్రేకేదండీ” అని అరిచిన గొంతు, బిందె దొర్లిన చప్పుడు, పంపు వంగిపోయి మున్సిపాలిటీ వాళ్ళు బాగుచేసేదాకా పక్కకి తిరిగి నీళ్ళు పోసిన వైనం. పెళ్ళిళ్ళలో, నోములప్పుడు, ఎవరైనా కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు ఆయన్ని అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళం. నేను ముందుండి అడిగేదాన్ని. అమ్మ “చాల్లెండి” అంటూ వంటింట్లోకి వెళ్ళేది, అది కూడా కథలో భాగమే.

ఫోన్ చేశాను. నాన్న ఎత్తాడు. సొట్ట సంగతి చెప్పి, ఉంచేద్దామనుకుంటున్నానని, ఎందుకో నా సిద్ధాంతం కూడా కాస్త వివరించాను.

నాన్న అర్థంకానట్టు ఆగాడు. “ఉంచడమేంటి అమ్మలూ? అది తీయిద్దామని ముప్పై ఏళ్ళబట్టీ అనుకుంటున్నా. అప్పుడు డబ్బుల్లేవు. తర్వాత మీ ఫీజులు. తర్వాత ఇంటి లోను. ఇంకెందుకులే అనిపించి ఊరుకున్నా. నువ్వేమో దాన్ని జ్ఞాపకం అంటున్నావు” అన్నాడు. కాయిల్, పాయింట్ల గురించి కూడా అడిగేశాను, నీ విద్య అంతా తీసేశానేమోనని. నవ్వాడు. “విద్యా, పాడా! ఆఫీసుకి లేటైపోతుంటే వానలో ప్లగ్ తుడుచుకోడం విద్యా? ఆ కిట్ అప్పుడు దొరికి ఉంటే అప్పుడే పెట్టించేవాణ్ణి.”

లేమిని నేను వారసత్వమనుకున్నానన్నమాట. ఆయన గత్యంతరం లేక నేర్చుకున్నదాన్ని కళగా, డబ్బులేక వదిలేసినదాన్ని జ్ఞాపకంగా పేర్చుకుని దాన్ని కాపాడే బాధ్యత నా మీద వేసుకున్నాను. పాతదాన్ని పాతగా ఉంచుకోవాలనే కోరిక కొత్తది కొనుక్కోగలిగినవాళ్ళకే వస్తుందని చాలాసార్లు విన్నాను, ఒకటి రెండు చోట్ల రాశాను కూడా. నా గురించే అయినప్పుడు గుర్తుపట్టలేదు.

అయితే నాన్న మాటని కూడా పూర్తిగా నమ్మలేను. ఆ “పక్కకి వంచక్కర్లేదా” అన్న మెసేజ్‌లో ఏదో ఉంది. అడిగితే చెప్పడు. మగవాళ్ళు, అందులోనూ ఆ తరం వాళ్ళు, పోయినదాని గురించి “పోతే పోయింది” అనే అంటారు.

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. అమ్మ.

“తీయించెయ్యవే” అంది.

“ఎందుకమ్మా, అది నీ సొట్టేగా” అన్నాను, నవ్వించబోతూ.

“అవునే. నాదే. అందుకే చెప్తున్నా.” కాసేపు మాట్లాడలేదు. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది. “నేను గ్రౌండ్‌లో మూడు రోజులు బాగానే నడిపాను. అదెవరూ చెప్పరు. నాలుగోరోజు పడ్డాను. మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం కారుతోంది. మీ నాన్న బండి లేపి డొప్ప చూసుకుని, అక్కడున్నవాళ్ళతో కలిసి నవ్వారు. తర్వాత నేర్పమని అడగలేదు, ఆయనా రమ్మనలేదు. ముప్పై ఏళ్ళు ఆ సొట్ట పక్కనే కాలు పెట్టి కూర్చున్నానే వెనక. ఇంక చాలు.”

వెనక నాన్న ఉన్నాడు. వినబడే ఉంటుంది. ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఆ కథని నేను ఎన్నిసార్లు అడిగి చెప్పించుకున్నానో లెక్కపెట్టబోయి మానేశాను. జరిగినదాన్ని చెరిపితే అబద్ధం అని రాసుకున్నాను గదా, ఆ డైరీ పేజీ తీసి చదివాను. వాక్యంలో తప్పు లేదు. కాకపోతే జరిగింది ఏమిటన్నది నాన్న గొంతులోంచి మాత్రమే నాకు తెలుసని అందులో లేదు. రేకు దేన్నీ చెప్పదు. దాని పక్కన నిలబడి ఎవరు చెప్తే అది దాని కథ అవుతుంది. ఈ బండి ఎవరిదన్న ప్రశ్నకి “నాన్నదా, నాదా” అని రెండే జవాబులు వెతికాను. ఓడల గురించి, రథాల గురించి అంత చదివి, వెనకసీటు మీద కూర్చున్న మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో అడ్డుప్రశ్న కూడా వచ్చింది, దాన్ని దాచను. అన్యాయానికి గుర్తుగా అయినా సొట్ట ఉండాలి కదా? అది పోతే ఆ ఉదయం జరిగినదానికి సాక్ష్యం ఏముంటుంది? ఇలా ఆలోచిస్తే ఉంచడానికి మళ్ళీ ఒక మంచి కారణం దొరికింది, మొదటిదానికంటే గంభీరమైనది. కానీ సాక్ష్యం అమ్మ అడగలేదు. సాక్ష్యం కావాల్సింది నాకు, ఇలాంటిదేదో రాసుకోవడానికి. ఒకరి అవమానానికి గుర్తుని వాళ్ళు వద్దంటున్నా వాళ్ళ తరఫునే కాపాడతాననడం ఏం మర్యాదో నాకు తెలియలేదు.

మరుసటి ఆదివారం వెళ్ళి “తీసెయ్ చాచా” అన్నాను. ఆయన లోపలినుంచి ఒక ఇనప దిమ్మ ఆనించి, బయటినుంచి చిన్న సుత్తితో, చెవి దగ్గర గాజులు తొడిగినంత నెమ్మదిగా కొట్టుకుంటూ పోయాడు. అరగంట పట్టింది. పాత రేకు మందంగా ఉండటంవల్ల బాగా మాట వింటుందని, ఇప్పటి బళ్ళకి డొప్పలు ప్లాస్టిక్ కాబట్టి సొట్టలు పడవని, పగులుతాయని చెప్పాడు. తర్వాత పల్చగా లప్పం పెట్టి, ఆరనిచ్చి, నీళ్ళ కాగితంతో రుద్దాడు. ఏ రంగు అనడిగితే మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి నేరుగా అమ్మకే. పాత నీలమే అంటుందనుకున్నాను. “పసుపు వెయ్యి. నిమ్మపండు పసుపు” అంది, ఎప్పటినుంచో అనుకుని పెట్టుకున్నట్టు. నాకు పసుపు బొత్తిగా ఇష్టం లేదు. మొత్తం బండి మీద నా అభిరుచి అని చెప్పుకోడానికి ఇక మిగిలింది సీటు కవరు, హ్యాండిల్ గ్రిప్పులు.

సంక్రాంతి అయ్యాక ఇద్దరూ హైదరాబాద్ వచ్చారు. సెల్లార్లోకి తీసుకెళ్ళి చూపించాను. నాన్న ఎడమపక్కకి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, సొట్ట ఉండే చోట అరచెయ్యి పెట్టి తడిమాడు. “బాగా తీశాడు” అన్నాడు. ఇంకాసేపు అక్కడే చెయ్యి ఉంచాడు. తర్వాత డిక్కీ తెరిచి చూశాడు. అట్టముక్క అందులోనే ఉంది, నేనే మళ్ళీ పెట్టాను. దాన్ని తీసి, వెనక్కి తిప్పి చూసి, ఎవరిదో గుర్తుపట్టి, “వీళ్ళు విడిపోయారు” అని చెప్పి మళ్ళీ లోపల పెట్టాడు.

అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ముందుసీటు మీద కూర్చుంది. స్టాండ్ మీదే ఉంది బండి. ఎడమచేతి గ్రిప్‌ని క్లచ్‌తో పాటు పైకి కిందకి తిప్పి చూసింది. ఒకటి, రెండు, మూడు.

“నాలుగోది ఎటే?” అంది.

నేను చెప్పేలోపు నాన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు. చెయ్యి చాపబోయి ఆగి, “కిందకి. ఇంకా కిందకి” అన్నాడు.